బందరు వార్తలు

లోకనాథ్ నోట బందరు మాట వచ్చినప్పుడల్లా కొత్తవాళ్ళు మచిలీపట్నం అనుకునేవారు. "బందరు లడ్డు తెచ్చినావేటి?" అని అడిగినవాళ్ళూ ఉన్నారు. లోకనాథ్ నవ్వి ఊరుకునేవాడు. అతను పనిచేసిన బందరు మన సముద్రం మీద లేదు. పడమటి సముద్రాలు దాటి వెళితే వచ్చే ఒక దేశంలో, ఓడలు బాగుచేసే యార్డును ఆనుకుని పెరిగిన రేవు పట్నం అది. అసలు పేరు బారెడుంటుంది. ఉద్దానం నుంచి వెల్డింగు పనికి వెళ్ళినవాళ్ళు అందులో మొదటి ముక్క పట్టుకుని మిగతాది వదిలేశారు. ఇక దేశం పేరంటారా, యుద్ధం వచ్చాక అది అందరి నోళ్ళలోనూ నానింది. లోకనాథ్‌కి కావలసిన కబురు మాత్రం ఎవరి నోటా రాలేదు.

అతనిది వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం వైపు తిరిగే ఇసుక దారిలో, జీడితోటల మధ్య ఉన్న చిన్న ఊరు. తండ్రికి కొబ్బరి చెట్లు, కాస్త జీడిమామిడి ఉండేవి. ఐటీఐలో వెల్డింగు నేర్చుకున్నాక ఊళ్ళో నలుగురూ పోయిన దారినే అతనూ పోయాడు. అప్పటికి మేనమామ కూతురు రోజాతో పెళ్ళయి ఏడాదైనా నిండలేదు. సెలవులకు వచ్చేవాడు, ఉన్నన్నాళ్ళు ఉండేవాడు, మళ్ళీ వెళ్ళిపోయేవాడు. వయసులో ఉన్న కాలమంతా అక్కడే ఖర్చయింది.

యార్డు గేటు బయట ఒక సన్నటి వీధి. వీధి మొదట్లో హషీం రొట్టెల కొట్టు. హషీం భారీ మనిషి. కనుబొమలు రెండూ కలిసిపోయి, ఎప్పుడూ ఎవరి మీదో కోపంగా ఉన్నట్టే కనిపించేవాడు. ఒక సాయంత్రం అతని పొయ్యి మూతకున్న మడతబందు విరిగిపోతే, రొట్టె కోసం వరసలో నిలబడ్డ లోకనాథ్ చూశాడు. మరునాడు సామాను తెచ్చుకుని అతికించి ఇచ్చాడు. హషీం కూలి ఇవ్వబోతే వద్దన్నాడు. అయితే కూర్చో అన్నట్టు స్టూలు చూపించి, చిన్న గాజు గ్లాసులో పాలు లేని టీ పోశాడు హషీం. చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని దాని మీదుగా టీ లాగాలి. తెలియక లోకనాథ్ బిళ్ళను కరకర నమిలేస్తే కొట్లో ఉన్నవాళ్ళందరూ విరగబడి నవ్వారు. హషీం కనుబొమలు విడిపోవడం అప్పుడే మొదటిసారి చూశాడు.

ఆ తరవాత సాయంత్రాలన్నీ ఆ స్టూలు మీదే. ఇద్దరికీ కలిసిన భాష లేదు. కొంత హిందీ, కొంత ఇంగ్లీషు, రేవులో అందరూ మాట్లాడే కలగూర గంప భాష, చాలని చోట చేతులు. చాలాసార్లు అసలు మాటలే ఉండేవి కావు. పిండి ముద్దలు గోడకు కొట్టినట్టు పొయ్యిలోకి విసురుతూ హషీం, ఒళ్ళంతా ఇనుప వాసనతో లోకనాథ్. ఉద్దానం కుర్రాళ్ళు ఒకరినొకరు బావా బావా అని పిలుచుకోవడం విని, ఆ మాటకు స్నేహితుడని అర్థం కాబోలనుకుని హషీం కూడా లోకనాథ్‌ను 'బావా' అనడం మొదలుపెట్టాడు.

ఈ సంగతి ఫోన్లో చెబితే రోజా పకపకా నవ్వింది. "నాను పిలిసే పిలుపే ఆయనా పిలుత్తన్నాడేటి? అయితే మరి నాకు అన్నవుతాడు."

తిత్లీ తుఫాను వచ్చినప్పుడు లోకనాథ్ అక్కడే ఉన్నాడు. ఉద్దానం ఫోన్లన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. హషీం కొట్లో గోడకు టీవీ ఉండేది. అందులో ఎప్పుడూ ఆ దేశపు సర్కారు ఛానెలే. వేరేది పెడితే వీధిలో ఎవరు ఎవరికి చెబుతారోనని భయం. ఆ ఛానెల్లో ఇండియా తుఫాను గురించి ఒక్క ముక్క వచ్చింది. చూపించిన సముద్రపు ఒడ్డున ఒక్క కొబ్బరి చెట్టు కూడా లేదు. "ఇది మాది కాదు," అన్నాడు లోకనాథ్. హషీం లేచి వెళ్ళి షట్టరు సగం దించాడు. డిష్షు అటూ ఇటూ తిప్పి, పట్టుబడితే జరిమానా పడే పరాయి ఛానెళ్ళన్నీ ఒకదాని తరవాత ఒకటి పెట్టాడు. పలాస అనే మాట ఎక్కడా రాలేదు. ఊరి నుంచి కబురు వచ్చేదాకా, చాలా రోజులు, హషీం ఆ పనే చేశాడు. చివరికి రోజా గొంతు వినబడింది. "సెట్లన్నీ పోనాయి బావా. మనుషులం ఉన్నాం." లోకనాథ్ అది హిందీలోకి మార్చి చెప్పబోయి చెప్పలేకపోయాడు. హషీంకి చెప్పకుండానే అర్థమైంది.

యార్డు వాళ్ళు ఏటా చేసే వైద్య పరీక్షల్లో ఒకసారి లోకనాథ్ రక్తంలో క్రియాటినిన్ ఎక్కువగా ఉందని తేలింది. ఉద్దానం వాడికి ఆ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. వాళ్ళ వీధిలోనే ఎన్ని ఇళ్ళలో కిడ్నీ జబ్బుతో పాటు ఆ మాట వినబడిందో అతనికి తెలుసు. ఇంటికి పంపేశారు. వెళ్ళే రోజు హషీం గేటు దాకా వచ్చి, వేడి రొట్టెలు గుడ్డలో కట్టి చేతిలో పెట్టాడు.

"వచ్చేస్తావు కదా బావా?"

"వత్తాను," అన్నాడు లోకనాథ్ తెలుగులోనే.

ఆ మాట అని ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు అతను వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటాడు. పొద్దున్నే ఆటోలో పలాసకు జంట ఊరైన కాశీబుగ్గ దాకా వెళ్ళి, మధ్యాహ్నానికి ఒళ్ళంతా పిండేసిన గుడ్డలా అయి తిరిగొస్తాడు. రోజా పలాసలోనే జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి వెళుతుంది కాబట్టి పోయేటప్పుడు ఇద్దరూ కలిసే పోతారు. నీళ్ళు కొలిచి తాగాలి. టీ అయితే రెండు గుక్కలు. ఆకలిని ఓర్చుకోవడం లోకనాథ్‌కి ఎప్పుడో అలవాటైంది. దాహం మాత్రం అలవాటు కాలేదు. కళ్ళు మూసుకుంటే గ్లాసు తరవాత గ్లాసు నింపుతున్న హషీం చెయ్యి కనబడుతుంది. ఎన్ని తాగినా ఎవరూ లెక్క అడగని సాయంత్రాలు అవి. అప్పటి తన చేతులు కూడా కనబడతాయి. ఇనుప పలకను అవలీలగా భుజానికెత్తిన చేతులు.

ఆరేడు నెలలకోసారి హషీం ఫోన్ చేసేవాడు. "రక్తం కడుగుతున్నారా బావా?" అని అడిగేవాడు. కడుగుతున్నారు అనేవాడు లోకనాథ్. కాసేపు ఇద్దరూ ఊరికే ఉండేవారు. అది చాలు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఆ దేశం మీద యుద్ధం వచ్చిపడింది. రేవు మీద బాంబులు పడ్డాయని మన టీవీల్లో ఒక పూట వచ్చింది, తరవాత ఎన్నికల గొడవలో కొట్టుకుపోయింది. లోకనాథ్ హషీం నంబరుకు చేశాడు. మోగలేదు. మర్నాడు చేశాడు. ఎవరో ఆడమనిషి ఆ భాషలో ఏదో చెప్పి పెట్టేసింది. అది కంపెనీ వాళ్ళ రికార్డింగని అతనికి తెలుసు. అయినా రెండుమూడుసార్లు విన్నాడు.

అప్పుడు ఫోన్లో వెతికి ఆ దేశపు సర్కారు నడిపే ఇంగ్లీషు ఛానెల్ పట్టుకున్నాడు. స్టూడియో అంతా పచ్చరంగు. ఒకప్పుడు హషీం కొట్టు గోడ మీద మోగిన సంగీతమే మొదట వచ్చింది. లోకనాథ్ ఫోను చప్పుడు పెంచాడు. అబద్ధం చెబుతుందో నిజం చెబుతుందో తరవాతి మాట. ముందు అది ఆ వీధి చప్పుడు.

డయాలసిస్ వార్డులో అతని పక్క మంచం సూర్యం మాస్టారిది. టెక్కలిలో సోషల్ టీచరుగా చేసి రిటైరయిన మనిషి. ఆయన ఫోన్లో మరో ఛానెల్ పెట్టేవాడు. అది అవతలి పక్షం దేశపు సర్కారు సొమ్ముతో నడిచేది. స్టూడియో నీలం రంగు. ఇద్దరికీ ఒక్కో చెయ్యి సూదులకు అప్పగించేసి ఉండేది, రెండో చేతిలో ఫోను. యంత్రాలు గురగురమంటుంటే పచ్చ టీవీకి, నీలం టీవీకి మధ్య యుద్ధం వార్డులోనే నడిచేది.

"ఏమయ్యా లోకనాథం, మీవాళ్ళు ఇవాళ ఎన్ని విమానాలు కూల్చారు?"

"రేవుకి ఏటీ కాలేదంట మాస్టారూ. కూరగాయల బజారు సూపించినారు. జనం బాగానే ఉన్నారు."

"బజారు చూపించారు. రేవు చూపించారా?"

"మీవోడు పొగ సూపిత్తాడు. ఏ ఊరి పొగో సెప్పడు. ఒక్క మనిషిని పేరెట్టి సూపించడు."

నర్సు గీతిక వచ్చి ఇద్దరి మధ్యా నిలబడేది. "మీరిద్దరూ బీపీలు పెంచీసుకుంటే మిషన్లు నా మీద అరుస్తాయి. కట్టీయండి ఫోన్లు." ఆమె అటు తిరగగానే మళ్ళీ తీసేవారు.

లోకనాథ్ మెల్లగా ఒకటి కనిపెట్టాడు. పచ్చ టీవీలో యాంకరు మాటలు వినడం దండగ. ఆయన వెనక చూడాలి. విలేకరి వీధిలో నిలబడి మాట్లాడుతుంటే అతని భుజం పక్కనుంచి షట్టర్లు ఎత్తి ఉన్నాయా, దించి ఉన్నాయా చూడాలి. వాతావరణం చెప్పేటప్పుడు రేవు పట్నాల పేర్లు వరసగా చదువుతారు, అందులో బందరు ఉందా అని వినాలి. ఒక పొద్దున ఆ వరసలో బందరు పేరు దాటేశారు. మిగతా రేవులన్నీ చదివారు. ఆ రోజు లోకనాథ్ నోట్లోకి ముద్ద పోలేదు.

నీలం టీవీ కూడా అలాగే చూశాడు. అక్కడ మూడు కిటికీల్లో ముగ్గురు నిపుణులు, మ్యాపు మీద ఎర్ర సున్నాలు. 'వర్గాల సమాచారం' అనేవారు ప్రతి మాటకీ. ఆ సున్నాల్లో ఒకదాని కింద హషీం పొయ్యి ఉందని వాళ్ళకి తెలీదు, తెలిసినా అక్కర్లేదు.

ఇంటి దగ్గర రోజాకు ఇది నచ్చలేదు. ఒక సాయంత్రం పనినుంచి వచ్చి, జీడి గింజల జిగురు పట్టిన వేళ్ళు బూడిదతో తోముకుంటూ అంది, "వచ్చి ఇన్నేల్లయినా నీ మనసు ఈ ఊరు రానేదు బావా. నా మొకం సూడ్డం కన్నా ఆ టీవీ ఆయన మొకం ఎక్కువ సూత్తన్నావు."

"హషీం ఉన్నాడో నేడో తెలీదే."

"ఆ టీవీ సెప్తాదేటి? తిత్లీ అప్పుడు మన టీవీలు తెలీవా? ఒకడు సాయం ఇంటింటికీ అందిందన్నాడు. ఇంకోడు ఎవులికీ అందనేదన్నాడు. మన గుమ్మంలో ఏటయిందో మనకి తెల్సు. మన సంగతే అలగ సెప్పినోల్లు, ఆల్ల సంగతి ఆల్లు నిజం సెప్పుకుంతారేటి?"

ఆమె చెప్పింది సబబే. అయినా ఆ రోజు కూడా పచ్చ టీవీ వార్తల వేళయ్యేసరికి లోకనాథ్ చెయ్యి ఫోను మీదికే పోయింది.

ఆ వారంలోనే వార్డులో పడుకుని చూస్తుండగా పచ్చ టీవీలో హషీం కనబడ్డాడు.

'శత్రువు బెదిరింపులకు రేవు ప్రజలు లొంగలేదు' అని కింద అక్షరాలు. పైన పొయ్యి, పిండి, ఆ కలిసిపోయిన కనుబొమలు. మైకు ముందు పెడితే హషీం ఏదో రెండు మాటలు చెప్పాడు. రొట్టెలు ఎప్పటిలాగే అమ్ముడుపోతున్నాయి, భయమేమీ లేదు అని ఇంగ్లీషులో రాశారు. లోకనాథ్ సూదులున్న చెయ్యి సంగతి మరిచిపోయి లేవబోయాడు. యంత్రం కీచుమని అరిచింది. గీతిక పరుగెత్తుకొచ్చింది.

"మాస్టారూ! మా హషీం! ఉన్నాడు మాస్టారూ, బతికే ఉన్నాడు!"

సూర్యం మాస్టారు తన ఫోను పక్కన పెట్టేసి, "ఏదీ, ఇలా చూపించు," అని కళ్ళజోడు సర్దుకున్నాడు. "మంచి మనిషిలా ఉన్నాడయ్యా," అన్నాడు. ఆ పూట మాస్టారు పచ్చ టీవీని ఒక్క మాట కూడా అనలేదు. సాయంత్రం పనినుంచి వచ్చిన రోజాకి చూపిస్తే, ఆమె ముఖం కూడా వెలిగింది. "ఓలమ్మ, ఎంత మనిషో. ఆ బొమలేటి అలగున్నాయి," అంది.

మరునాడు పొద్దున్నే అరుగు మీద కూర్చుని లోకనాథ్ దాన్ని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ మళ్ళీ చూశాడు. హషీం తలమీద ఊలు టోపీ ఉంది. పొయ్యి అంచున నారింజ తొక్కలు ఎండుతున్నాయి. అక్కడ నారింజ తొక్కలు ఎండబెట్టేది చలికాలంలో. ఇప్పుడు నడినెత్తిన ఎండ. పోనీ మొన్న పోయిన చలికాలం అనుకుందామంటే, హషీం తల వెనక కొట్టు పేరున్న చెక్క పలక వంగిపోయి వేలాడుతోంది. ఆ పలకకు చుట్టూ ఇనుప చట్రం బిగించింది తనే, వచ్చేసే ఏడాది. ఈ బొమ్మలో చట్రం లేదు.

అది తాను అక్కడ ఉన్నప్పటి బొమ్మ. అప్పుడెప్పుడో పండగకి తీసి దాచుకున్న ముక్కను ఇవాళ్టి వార్తగా వేశారు. ఆ కెమెరా కొంచెం పక్కకి తిరిగి ఉంటే, స్టూలు మీద తనే కనబడేవాడేమో.

రోజా వచ్చి ఏమైందని అడిగితే చెప్పాడు. ఆమె అతని పక్కన కూర్చుంది. "మరి నిన్ననే సెప్పీసినావు గదా అందరికీ," అంది నెమ్మదిగా.

వార్డుకు వెళ్ళాక మాస్టారికి చెప్పాడు. మాస్టారు, నేను ముందే చెప్పలేదా అంటాడని ఎదురుచూశాడు. ఆయన అలా అనలేదు. ఆయన ముఖం కూడా బాగాలేదు. "నేనూ నీకొకటి చూపించాలి. చూపించనా వద్దా అని రాత్రంతా అనుకున్నాను," అని ఫోను ఇటు చాపాడు. నీలం టీవీలో బందరు వీధి తగలబడుతోంది. యార్డు గేటు, దాని పక్కన మంటలు, పరుగెత్తే జనం. 'నిన్నటి దాడి' అని రాసి ఉంది.

లోకనాథ్ ఫోను దగ్గరికి లాక్కుని చూశాడు. మంటల వెనక పసుపు క్రేను. "ఇది బాంబు కాదు మాస్టారూ. యార్డులో రంగుల గోడౌను అంటుకుంది, అప్పటిది. ఆ పసుపు క్రేను మేమే ముక్కలు సేసి తీసీసినాం. అది ఇప్పుడు నేదు. ఆ నీల్ల బకెట్లు మోసినోల్లలో నానూ ఉన్నాను."

ఇద్దరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒక టీవీ వీధి చల్లగా ఉందంది, మరొకటి కాలిపోయిందంది. రెండూ చూపించింది లోకనాథ్ ఎరిగిన పాత వీధినే. ఇప్పటి వీధి ఎలా ఉందో రెండింటిలో ఏదీ చూపించలేదు.

మాస్టారు ఫోను కట్టేసి పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. "నా చిన్నప్పుడు ఒక పెద్ద దేశపు రేడియో తెలుగులో వచ్చేదయ్యా," అన్నాడు. "సాయంత్రం కాగానే టెక్కలిలో మా మేడ మీద రేడియో పెట్టుకుని, చెవి ఆనించి వినేవాణ్ణి. అక్కడ పేదవాడే లేడనేవారు. పిల్లలందరూ పాటలు పాడుతూ బడికి వెళతారనేవారు. మంచు పడే ఆ ఊళ్ళు ఎప్పటికైనా చూడాలని ఎంత కోరికో. చివరికి ఆ దేశమే ముక్కలైపోయింది. అంతా అబద్ధమే విన్నానని తరవాత తెలిసింది. తెలిసినా ఆ గొంతు మీద కోపం రాలేదు నాకు. ఇప్పటికీ కావాలనిపిస్తుంది. దాన్నేమంటావు?"

లోకనాథ్‌కీ ఆ పచ్చ టీవీ సంగీతం మీద కోపం రావడం లేదు.

ఆ రోజు నుంచి ఇద్దరూ టీవీలు చూడటం మానేశారని కాదు. చూశారు, కాకపోతే పోట్లాట మానేశారు. నీలంలో వచ్చింది పచ్చలో ఎక్కడ లేదో మాస్టారు చెప్పేవాడు, రెండింటి వెనకా కనిపించే గోడలు, స్తంభాలు లోకనాథ్ చెప్పేవాడు. ఇంతలో ఒక రోజు యుద్ధం ఆగింది. మేమే గెలిచాం అని పచ్చ టీవీ జెండాలు చూపించింది. మేమే గెలిచాం అని నీలం టీవీ కూడా అంది. "పోనీలే, ఎవరూ ఓడిపోలేదు," అన్నాడు మాస్టారు. గీతిక కూడా నవ్వింది.

కబురు కోసం లోకనాథ్ చివరికి మనుషుల్నే పట్టుకున్నాడు. బారువకు చెందిన అనిల్ ఒకప్పుడు యార్డులో తనతో పనిచేసి, తరవాత సరుకు ఓడలో చేరాడు. వాళ్ళ ఓడ ఆ వైపు వెళుతుందని తెలిసి మెసేజి పెట్టాడు. చాలా రోజుల వరకు జవాబు లేదు. ఆపైన ఒక ముక్క వచ్చింది. 'రేవులో దిగనివ్వడం నేదన్నా. యార్డు గేటు కాడ కాపలా ఉండే మనిషికి సెప్పినాను. ఆడు అడుగుతానన్నాడు.'

వానలు మొదలయ్యాయి. డయాలసిస్ లేని ఒక పూట లోకనాథ్ జీడితోటలో రాలిన ఆకులు ఎగదోస్తుండగా ఫోను మోగింది. తెలియని నంబరు. వీడియో.

తెర మీద ముందు ఆకాశం కనబడింది, తరవాత ఒక గడ్డం, ఆ పైన కనుబొమలు.

"బావా!" అని అరిచాడు హషీం. ఊరంతా వినబడేటట్టు అరిచాడు. ఒక చెవి వినబడటం లేదని పక్కనుంచి ఎవరో అమ్మాయి చెప్పింది. బాంబు పడింది ఎదుటి వరస మీద. హషీం కొట్టు గోడలు నిలిచాయి, పొయ్యి పగిలింది. ఎదురింటి ముసలాయన, ఆయన మనవరాలు పోయారు. ఆ పేర్లు చెప్పేటప్పుడు హషీం అరవలేదు. వీధి ఖాళీ అయిపోయింది, యార్డు మూసేశారు. తను కొండల్లో చెల్లెలి ఊరికి వచ్చేశాడు; గేటు మనిషి పంపిన కబురు అక్కడే అందింది. ఇక వెనక్కి వెళ్ళనన్నాడు. ఫోను తిప్పి చూపించాడు. ఎర్రటి కొండ, మేకలు, పెరట్లో కొత్తగా మట్టితో కట్టిన చిన్న పొయ్యి.

లోకనాథ్ ఆ కొండను చూశాడు. హషీం వెనక అలాంటి కొండ ఎన్నడూ చూడలేదు. హషీంను ఇక ఎక్కడ ఊహించుకోవాలో అతనికి తెలియలేదు.

అప్పుడే రోజా తోటలోకి వచ్చింది. ఎవరో అర్థమై, తడి చేతులు చీరకు తుడుచుకుని ఫోను అందుకుంది. ఏం మాట్లాడాలో తెలియక ఒకే మాట అంది. "అన్నా."

హషీంకు ఆ మాట తెలియదు. లోకనాథ్ ఆ రేవు భాషలో అర్థం చెప్పాడు. హషీం వినబడే చెవి దగ్గరికి ఫోను పెట్టుకుని, మళ్ళీ అనమన్నాడు. రోజా మళ్ళీ అంది. అవతల ఆ భారీ మనిషి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. తరవాత లైను తెగింది.

వాన వెలిసి ఎండ పొడ వచ్చింది. ఇద్దరూ జీడి చెట్టు కింద తడారిన చోట కూర్చున్నారు. ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగనిది రోజా అప్పుడు అడిగింది.

"ఆ బందరు ఎలగుంటాదో సెప్పు బావా. నువ్వు సూసినట్టు సెప్పు."

లోకనాథ్ చెప్పాడు. తెల్లవారకముందే వీధంతా కమ్ముకునే రొట్టెల వాసన చెప్పాడు. సముద్రం మన సముద్రంలా గోల చెయ్యదని, చెరువులా పడుకుని ఉంటుందని చెప్పాడు. సెలవు రోజు ఉద్దానం కుర్రాళ్ళందరూ కలిసి చేపల పులుసు వండుకోవడం, దాని వాసనకి పోలీసువాడొచ్చి గిన్నె పట్టుకుని కూర్చోవడం చెప్పి నవ్వాడు. ఎదురింటి ముసలాయన తనకి పావురాలను పిలవడం నేర్పిన సంగతి చెప్పాడు. చెబుతూ ఉంటే గొంతులోకి వయసు తిరిగి వచ్చినట్టుంది.

రోజా అంతా విని అడిగింది, "అక్కడ కట్టమే నేదేటి?"

అతను కింద పడున్న పుల్ల ఒకటి అందుకున్నాడు.

"నీ మాట కూడా ఆ పచ్చ టీవీలాగే ఉన్నాది," అంది ఆమె. నిష్ఠూరంగా అనలేదు.

లోకనాథ్ మట్టిలో పుల్లతో గీతలు గీశాడు. తరవాత మిగతాది చెప్పాడు. ఓడ అడుగున ఇనుప ట్యాంకులోకి దిగితే గాలాడదని, దాహమేసినా పైకెక్కి రానిచ్చేవారు కాదని చెప్పాడు. పాస్‌పోర్టు కాంట్రాక్టరు బీరువాలో ఉండేదని, నాన్న పోయినప్పుడు రాకపోవడానికి కారణం టికెట్లు దొరకకపోవడం కాదని చెప్పాడు. సోంపేట కుర్రాడొకడు పైనుంచి జారిపడితే, అదే చోట ఆ పూటే మళ్ళీ పని మొదలెట్టించారని చెప్పాడు. ఒకసారి వీధిలో పోలీసులు పరాయి పనివాళ్ళను నిలబెట్టి కాగితాలు అడుగుతూ తన చొక్కా పట్టుకుంటే, హషీం తల ఎత్తకుండా పిండి పిసుకుతూనే ఉండిపోయాడని కూడా చెప్పాడు. అది ఎవరికీ చెప్పలేదు ఇంతవరకు. తనకి తానే చెప్పుకోలేదు.

"ఆయనకీ బయమే గదా," అంది రోజా.

"అవును. మర్నాడు ఎల్లేసరికి టీ పోసినాడు. గ్లాసు నా సేతికిచ్చి మొకం సూడనేదు."

గాలికి ఆకుల మీది నీళ్ళు ఇద్దరి మీదా రాలాయి. రోజా పైట తలమీదికి లాక్కుంది.

"ఇంత పడ్డావు. ఇప్పుడు ఆ ఈదీ నేదు, ఆయనా అక్కడ నేడు," అంది. "ఇంకా ఎల్లాలనుందేటి?"

"ఉంది."

అబద్ధం చెబుదామన్నా నోరు రాలేదు. డయాలసిస్ విడిచి నాలుగు రోజులైనా ఎక్కడికీ కదల్లేని ఒళ్ళని ఇద్దరికీ తెలుసు. రోజా అతని చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. సూదుల దెబ్బలకు ఉబ్బిన నరం చర్మం కింద గుడుగుడుమంటూ కొట్టుకుంటోంది. దాని మీద వేళ్ళు ఆనించి ఉంచింది.

"అయితే సెప్పు," అంది. "ఆ ఈదిలో ఇంకా ఎవులెవులుండేవోరు?"